తొంభై తొమ్మిది అంతస్తులు

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి నేను డేటా గవర్నెన్స్ లీడ్‌ని. మొన్నటిదాకా లిఫ్టుల సర్వీస్ కాంట్రాక్టులు చూసుకునే మామూలు మనిషిని. ఎండీగారు ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్లి ఈ మాట పట్టుకొచ్చారు. మన డేటాకి ఒక పద్ధతీ పాడూ ఉండాలమ్మా, అది నువ్వే చూడాలి అన్నారు. జీతం సంగతి తర్వాత చూద్దామన్నారు. కొత్త కుర్చీ మాత్రం ఇచ్చారు. అది గుండ్రంగా తిరుగుతుంది.

ఇంట్లో చెప్పాను. అంటే ఏం చేయాలి అని ఈయన అడిగారు. ఏ వివరం ఎవరిదో, దాన్ని ఎవరు మార్చవచ్చో, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలో తేల్చాలి అన్నాను. అయితే ముందు మనింట్లో టీవీ రిమోట్ ఎవరిదో తేల్చు, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అన్నారు. రేడియో పక్కన కూర్చున్న అత్తయ్య కూడా నవ్వారు.

మార్చి 5, బుధవారం

అసలు మేము ఎన్ని లిఫ్టులకు సర్వీస్ చేస్తున్నాం? సేల్స్ వాళ్లది ఒక లెక్క. స్పేర్ పార్టుల స్టోర్ వాళ్లది ఇంకో లెక్క. మెకానిక్కులను పంపే డిస్పాచ్ వాళ్లది మూడోది. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటున్నారు. సేల్స్ లెక్కలో ఎప్పుడో పడగొట్టేసిన సినిమా హాలు లిఫ్ట్ ఇంకా పైకీ కిందకీ తిరుగుతోంది.

మార్చి 7, శుక్రవారం

మొదటి మీటింగ్. బోర్డు మీద ఓనర్ అని రాశాను. మన రికార్డుల్లో ప్రతి కాలమ్‌కీ ఒక ఓనర్ కావాలి, చేతులెత్తండి అన్నాను. అందరూ బల్ల వంక చూశారు. కస్టమర్ పేరు సేల్స్ వాళ్లు తీసుకున్నారు, మోటారు నంబరు స్టోర్ వాళ్లు తీసుకున్నారు. 'అంతస్తులు' అన్న కాలమ్ దగ్గర బండి ఆగిపోయింది. అందరూ వాడతారు, నాది అని ఒక్కరూ అనరు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటే ఇదే.

డిస్పాచ్ అక్క మీటింగ్‌కి రాలేదు. ఆవిడ అందరికీ అక్కే, ఎండీగారికి కూడా. ఫోన్లు మోగుతున్నాయి, మీరేం తేల్చినా నాకు మెయిల్ పెట్టండి, ఓకే చేసేస్తాను అని కబురు పంపారు.

చివరికి విసుగొచ్చి పాలసీలో ఒక లైను నేనే కలిపాను. ఓనర్ తేలని ప్రతి వివరానికీ గవర్నెన్స్ లీడే ఓనర్, జవాబుదారీ కూడా ఆ వ్యక్తిదే. ఎండీగారు చదవకుండానే సంతకం పెట్టారు. అందరూ హాయిగా టీకి వెళ్లారు.

మార్చి 11, మంగళవారం

మా బిల్డింగ్ లిఫ్ట్ మళ్లీ ఆగింది. దాని సర్వీస్ మా కంపెనీదే, అయినా ఏం లాభం. మాది మూడంతస్తులు. రోజూ పొద్దున సాఫ్ట్‌వేర్ ఇచ్చే పనుల వరసలో ఎత్తు బిల్డింగులు ముందొస్తాయి, పొట్టివి చివరికి పోతాయి. అన్ని మెట్లు ఎవరెక్కుతారని పెట్టిన రూల్ అది. న్యాయమే. రూల్స్ మనిషిని, నేనే వరస తప్పమని ఎలా అడుగుతాను?

సంచీ మోసుకుని రొప్పుతూ పైకొచ్చి సణిగాను. నాకేం ఇబ్బంది లేదమ్మా, నాకు బయట తిరగడం ఇష్టం లేదుగా అన్నారు అత్తయ్య. ఇదివరకు సాయంత్రమైతే పార్కులో ఉండేవారు. ఇప్పుడు రేడియోనే. వయసుతో ఇష్టాలు మారతాయి కాబోలు.

మార్చి 13, గురువారం

మా ఊళ్లో తొంభై తొమ్మిది అంతస్తుల బిల్డింగులు చాలా ఉన్నాయట! నిజానికి ఊరంతటికీ ఎత్తయినది ఇరవై రెండు అంతస్తుల బ్యాంకు. కానీ మా రికార్డుల్లో బేకరీ మీద ఉన్న నాలుగంతస్తుల మేడ కూడా తొంభై తొమ్మిదే. ఎవడో బద్ధకిష్టి తోచిన అంకె కొట్టి పారేసి ఉంటాడు. ఈయనకి చెబితే, ఆ బేకరీ మేడ పైకెక్కితే చందమామ చేతికి అందుతుందేమో కనుక్కో అన్నారు.

మార్చి 14, శుక్రవారం

దిద్దుబాటు రూల్ రాశాను. ఇరవై రెండు దాటిన అంకె తప్పు, దాని స్థానంలో కాంట్రాక్టులో ఉన్న అంకె రావాలి. అన్ని డిపార్ట్‌మెంట్లకూ మెయిల్ పెట్టాను. డిస్పాచ్ అక్క ఓకే అందరికంటే ముందు వచ్చింది. నేనింకా మౌస్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఇంత తొందరగా అప్రూవల్ వస్తుంటే గవర్నెన్స్ కష్టమని ఎవరన్నారు?

సాయంత్రం రూల్ రన్ చేశాను.

మార్చి 17, సోమవారం

తప్పులుంటే ఎర్రగా చూపించే డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. ఎండీగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. గర్వంగా ఉంది.

మార్చి 26, బుధవారం

పోయిన వారం కరెంటు ఎక్కువ తక్కువలై ఊళ్లో సగం లిఫ్టులు పడకేశాయి. డిస్పాచ్ వైపు వెళ్లాలంటే భయంగా ఉంది, ఫోన్లు ఆగడం లేదు.

అత్తయ్యకి వేరే దిగులు. సాయంత్రం వార్తలు చదివే అమ్మాయి వారం పైగా రావడం లేదట. ఆ గొంతు లేకపోతే వార్తలు వార్తల్లా లేవన్నారు. పెళ్లో, ప్రసవమో అయి ఉంటుందన్నాను.

మార్చి 28, శుక్రవారం

డిస్పాచ్ అక్క నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆవిడ సీటు వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు. నా తొంభై తొమ్మిదులు ఏమయ్యాయి అని అడిగారు.

బేకరీ మేడలో చక్రాల కుర్చీలో ఉండే ఆవిడ ఒకరున్నారట. లిఫ్ట్ ఆగి వారం దాటింది. ఇదివరకు ఫోన్ చేసిన రోజే మెకానిక్ వచ్చేవాడు, ఇప్పుడేమైంది అని ఆవిడ అడిగితే అక్క జాబితా వెతికారు. ఆ మేడ అట్టడుగున ఉంది.

అప్పుడు చెప్పారు. మెట్లు దిగలేని మనిషి ఉన్న ఇంటిని ముందు పంపడానికి సాఫ్ట్‌వేర్‌లో దారి లేదు. ఎత్తుని బట్టే వరస. అందుకని ఎన్నో ఏళ్ల క్రితం అక్కే ఉపాయం కనిపెట్టారు. అలాంటి ఇల్లు కనబడితే అంతస్తులు తొంభై తొమ్మిది అని కొట్టేయడం. పొద్దున జాబితాలో ఆ ఇల్లు నెత్తిన కూర్చుంటుంది. డిస్పాచ్‌లో చేరిన ప్రతివాళ్లకీ నోటిమాటగా చెప్పారు. బయటివాళ్లకి చెప్పాలని తోచలేదు. నా మెయిల్‌లో అంతస్తుల దిద్దుబాటు అన్న పైలైను చూసి, లోపలేముందో తెరవకుండా ఓకే నొక్కేశారు.

నేనేమైనా తక్కువ తిన్నానా? అన్ని ఇళ్లలోనూ ఒకే అంకె ఎందుకుందని ఒక్క మనిషిని అడగలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ నా పిడికిలి పెద్దది. సిగ్గేసింది, దానికి మించి భయం వేసింది. ఇంకా ఎంతమంది పైనే ఉండిపోయారో!

బ్యాకప్ ఉంది. అక్క కుర్చీ లాక్కుని కూర్చునేలోపు పాత అంకెలన్నీ వెనక్కి పెట్టేశాను. డాష్‌బోర్డ్ ఎర్రబడింది. పడనీ. మెకానిక్కులు పొద్దుపోయేదాకా తిరిగారు.

మార్చి 29, శనివారం

బేకరీ మేడకి వెళ్లాను. లిఫ్ట్ నిన్ననే బాగైంది. అయినా మెట్లెక్కే వెళ్లాను, ఎందుకో లిఫ్ట్ ఎక్కబుద్ధి కాలేదు.

చక్రాల కుర్చీలో ఉన్నావిడే తలుపు తీసి, రండి అన్నారు. ఆ ఒక్క మాటకే గుర్తుపట్టాను. అత్తయ్య వార్తల గొంతు.

ఆవిడకి నా వయసే ఉంటుంది. కాఫీ ఇచ్చారు, అరవలేదు. స్టేషన్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగమట. ఇన్నాళ్లు రాకపోయేసరికి సాయంత్రం బులెటిన్ ఇంకొకరికి ఇచ్చేశారు. లిఫ్ట్ పాడైందంటే, వారం రోజులు బాగవని లిఫ్ట్ ఉంటుందా, కథలు చెప్పకమ్మా అన్నారట.

తొంభై తొమ్మిది సంగతి దాచకుండా చెప్పాను. రోజుల తరబడి తనని పైన కూర్చోబెట్టినందుకు తిడతారనుకున్నాను. ఆవిడ కోపం ఇంకో చోట ఉంది.

"నా కాళ్ల సంగతి మీ కంప్యూటర్‌కి ఇన్నేళ్లుగా తెలుసు. తెలుసని నాకే తెలీదు. అడిగితే నేనే చెప్పేదాన్ని కదండీ."

ఆవిడ అడిగింది ఒకటే. తప్పు కంపెనీదని మామూలు మాటల్లో స్టేషన్‌కి ఒక ఉత్తరం.

మార్చి 31, సోమవారం

ఎండీగారు లాయర్‌ని పిలిపించారు. లాయర్ ఉత్తరం వద్దన్నారు. ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ వస్తాడన్నారు. ఎండీగారు చెడ్డవారు కాదు, కానీ లాయర్ ముందు ఆయనకి నోరు పెగలదు. పూలగుత్తి పంపుదామన్నారు. నాకు ఒళ్లు మండింది.

ఏప్రిల్ 2, బుధవారం

పాలసీ కాగితం తీసుకెళ్లి ఎండీగారి ముందు పెట్టాను. ఓనర్ తేలని వివరానికి గవర్నెన్స్ లీడే ఓనర్, జవాబు చెప్పాల్సిందీ ఆ మనిషే. అంతస్తుల కాలమ్‌కి ఓనర్ లేరు కాబట్టి అది నాది. జవాబు నేనే చెబుతాను, మీ సంతకం కిందే ఉంది చూడండి అన్నాను. ఆయన తన సంతకాన్ని పాత స్నేహితుణ్ని చూసినట్టు చూశారు. లాయర్‌కి తర్వాత చెబుదామన్నారు.

ఉత్తరం నా పేరుతో వెళ్లింది. అర పేజీ. ఎక్కడా చింతిస్తున్నాము అన్న మాట లేదు. తప్పు మాది, ఎలా జరిగిందంటే ఇలా, అంతే.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. కుర్చీ మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఏప్రిల్ 9, బుధవారం

మెట్లు దిగలేనివాళ్లు ఉన్న ఇళ్ల కోసం కొత్త కాలమ్ వచ్చింది. దానికి ఓనర్ డిస్పాచ్ అక్క. ఈసారి మీటింగ్‌కి అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. ఇక తొంభై తొమ్మిదులు ఉండవు. ప్రతి ఇంటికీ ఫోన్ చేసి అడగాలి, ఒప్పుకుంటేనే రాయాలి, వద్దంటే చెరిపేయాలి. కాళ్ల గురించి అడిగితే జనం తిడతారని ఎండీగారి భయం. తిట్లు నాకు అలవాటే, ఫోన్లు మేమే చేస్తాం అన్నారు అక్క.

ఏమని అడగాలో నేను ఒక పేరా రాశాను. వార్తలావిడకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఒకసారి మీరే పైకి చదువుకోండి, మీకే ఊపిరాడదు అన్నారు. కొట్టేయగా కొట్టేయగా రెండు ముక్కలు మిగిలాయి. మీ ఇంట్లో మెట్లు ఎక్కి దిగలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ సంగతి మేము రాసుకోవచ్చా?

ఏప్రిల్ 15, మంగళవారం, సాయంత్రం

వచ్చింది! ఆ గొంతు. ప్రస్తుతానికి వారంలో రెండు రోజులేనట. అత్తయ్య రేడియో సౌండ్ పెంచి, పెళ్లీ కాదు ప్రసవమూ కాదు, ఏదో కష్టం పడి వచ్చింది, గొంతులో తెలుస్తోంది అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పడానికి చేతిలో ఉన్నది వంకాయ.

ఏప్రిల్ 26, శనివారం, పొద్దున

నేను వంటింట్లో ఉండగా హాల్లో ఫోన్ మోగింది. అత్తయ్య ఎత్తారు. అవతలివాళ్ల మాట నాకు వినపడలేదు.

"ఉన్నారమ్మా. ఒక్కరే. నేనే."

కాసేపు ఆగి, రాసుకోండి, ఫరవాలేదు అన్నారు.

గరిటెతోనే హాల్లోకి వచ్చాను. మెట్లు దిగలేకపోతున్నానని మాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా అన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా ఫోన్ పక్కన పెట్టారు.

"ఫోన్‌లో ఆ అమ్మాయి అడిగింది. చెప్పాను."