కొండ మీది ఇంట్లో నీళ్లు

అక్టోబర్ 6
నర్స్ మారిట్‌ది మళ్లీ అదే పాట. మా ఆయన ఐలీఫ్‌ను ఒక వారం వాళ్ల వార్డులో ఉంచితే నాకు విశ్రాంతి అట. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకోవడానికే అలా ఒక బెడ్ ఉంచుతారట. విశ్రాంతి కావాలని నేనెవరితో అన్నాను? పిల్ల మంచిదే, కాదనను. నా మొగుడి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఎంత పాకిందో తెలిసినంత మాత్రాన నా నిద్ర సంగతీ తనకే తెలుసనుకుంటే ఎలా?

నేను పక్కన లేనప్పుడు పోతే? అది మాత్రం అడగలేకపోయాను.

అక్టోబర్ 8
తనే ఒప్పేసుకున్నాడు. నన్నొక్క మాట అడగకుండా. పైగా ఆ వారంలో నేను సెలవులకెళ్లే మా కొండ మీది ఇంటికెళ్లి, చలికి గడ్డకట్టి పైపులు పగలకుండా నీళ్లు ఖాళీ చేసి రావాలట. పెళ్లయినప్పటి నుంచీ అది తన పని. నేను లోపల వాఫెల్స్ వేసేదాన్ని. అక్కడి పొరుగాయన హల్వర్‌కి చెబుదామంటే ససేమిరా అన్నాడు. నన్ను వదిలించుకుంటున్నావా అని మొహం మీదే అడిగేశాను. నవ్వబోయి దగ్గాడు.

అక్టోబర్ 11
దింపి వచ్చాను. గది బాగుంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నా సూప్ రెండు చెంచాలు దాటనివాడు అక్కడ బ్రెడ్డూ బ్రౌన్ చీజూ ముక్క మిగల్చకుండా తిన్నాడు. ఒళ్లు మండింది. కారెక్కి రేడియో గట్టిగా పెట్టుకుని ఏడ్చాను.

అక్టోబర్ 12
పడుకుని లేచేసరికి మధ్యాహ్నం. సిగ్గేసింది.

అక్టోబర్ 13, కొండ మీద
పొయ్యి అంటించాను. పంప్ ఆపి, కుళాయిలన్నీ తిప్పాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. ఫోన్ చేస్తే మారిట్ దాన్ని ఐలీఫ్ చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. ముందు గీజర్ స్విచ్ ఆపావా అన్నాడు. ఆపలేదు. చీవాట్లు పెట్టాడు, ఎన్నాళ్లకో. హాయిగా అనిపించింది. వంటగదిలో చాప ఎత్తి, చెక్క మూత తీసి, చెయ్యి భుజం దాకా దూర్చి వాల్వ్ తిప్పమన్నాడు. కదల్లేదు. అటు కాదు, ఇటు అన్నాడు. అంత దూరం నుంచి ఎలా తెలిసిందో. నీళ్లు గలగలా కిందికి పోయాయి. విను అని ఫోన్ ఆ కన్నం దగ్గర పెట్టాను.

హల్వర్ చేస్తే ఏం పోయేది అని అప్పుడడిగాను.

"వచ్చే ఏడు ఫోన్ ఎత్తడానికి నేనుండనుగా, పిచ్చిదానా. ఇప్పుడైతే నన్నడగొచ్చు."

బెడ్ కావాలని అడిగింది తనేనట. నాకు చెప్పొద్దని మారిట్ దగ్గర మాట తీసుకున్నాడట. పాపం ఆ పిల్లని మనసులో ఎన్ని తిట్టుకున్నానో.

అక్టోబర్ 14
పని మొత్తం అయిపోయింది. సింకు గొట్టంలో మిగిలిన నీళ్లు గడ్డకట్టకుండా మందు కూడా పోసేశాను. అయినా ఫోన్ చేసి, ఏదీ అర్థం కాలేదు, మొదటి నుంచీ చెప్పు అన్నాను. చెప్పాడు, ఓపిగ్గా, గీజర్ దగ్గర్నుంచీ. చివర్లో, అన్నీ అయ్యాకే ఫోన్ చేశావు కదూ, దొంగా, అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు.

అక్టోబర్ 18
ఇంటికి తెచ్చుకున్నాను. నా స్వెటర్ చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుని పొయ్యి వాసన అన్నాడు. ఉతకను దాన్ని.

నవంబర్ 2
పొద్దున్నే. పక్కనే ఉన్నాను.

మే 15, కొండ మీద
నీళ్లు ఆపడమే నేర్పాడు. మళ్లీ తెప్పించడం చెప్పలేదు. నేనూ అడగలేదు. చివరి నుంచి వెనక్కి చేసుకుంటూ వచ్చాను. కుళాయి దగ్గింది, తుప్పు నీళ్లు కక్కింది, తేటపడింది. ఫోన్ కావాలనే ఊళ్లో వదిలి వచ్చాను. అయినా విను అన్నాను, పైకే. కుళాయి చాలాసేపు కట్టెయ్యలేదు.