తక్కువ తూకం అల్లుడు

బెంగళూరు దండు
4 ఫిబ్రవరి 1941

పూజ్యులైన కోదండరామ మామగారికి మేనల్లుడు శ్రీధర నమస్కరించి చేసుకునే మనవి.

గుడ్డల అంగడిలో పని బాగుంది. శనివారం వస్తే చాలు, ఇక్కడి కంటోన్మెంటు సోల్జర్ల బాక్సింగుకు పరుగెత్తుతున్నాను. ముందు మనుషులను తూచి, సమాన తూకం వాళ్ళనే జత కలుపుతారు. హెవీ వెయిట్ వాళ్ళు రెండు దెబ్బలకే ఆయాసపడి ఒకరి మీద ఒకరు వాలిపోతారు. మిడిల్ వెయిట్ ఫరవాలేదు, దెబ్బా ఉంటుంది, అడుగూ ఉంటుంది. నాకు ప్రాణం మాత్రం అన్నిటికన్నా తేలికైన ఫ్లై వెయిట్. చెయ్యి లేచింది కనబడదు, ముక్కు ఎర్రబడింది కనబడుతుంది! పోయిన వారం మద్రాసు వాణ్ణి ఓడించాం.

మీ శ్రీధర

తా.క. గొంతు పూర్తిగా పోయింది. అత్తతో చెప్పి కషాయం పొడి పంపండి.

చింతామణి
9 ఫిబ్రవరి

చిరంజీవి శ్రీధరను దీవించి, తల వంచుకుని మామ రాసేది.

నీ ఉత్తరం ఎప్పటిలాగే అంగడిలో అందరి ముందూ గట్టిగా చదివించాను. నువ్వు మద్రాసు వాణ్ణి ఓడించావనగానే అందరూ భలే అన్నారు. కానీ ఆ తూకం సంగతి! మూడు తరాలుగా చింతపండు తూచి అమ్మే ఇల్లు మనది, తూకం తక్కువన్న మాట ఏనాడూ పడలేదు. బేరానికొచ్చిన అంజినప్ప అందరిలో, "శెట్టీ, నీ తక్కెడ సరిగానే ఉండాది, పిల్లోడే తక్కువుండాడు" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. నేతి సున్నుండలు పంపుతున్నాను. హెవీ వెయిట్ అయ్యేదాకా తిను.

మీ మామ

తా.క. కాబోయే అల్లుడు బాక్సింగు వస్తాదని విని బాగేపల్లి గంగాధరప్ప పొంగిపోయాడు. వాళ్ళమ్మాయి పంకజ మాత్రం ఎందుకో ఈ సంబంధానికి ఒప్పుకోవడం లేదు. నీ ఆట చూపిస్తే సరి. గొంతు మీద కొట్టినవాడి పేరు రాయి.

బెంగళూరు దండు
20 ఫిబ్రవరి

పూజ్యులైన మామగారికి శ్రీధర సిగ్గుపడుతూ రాసేది.

ఆట చూడటానికి దయచేసి ఎవరూ రావద్దు. మెట్టు జారి కుడిచెయ్యి బెణికింది. ఇక బరిలోకి దిగను. పంకజను పోయిన జాతరలో చూసినప్పటి నుంచి నాకు వేరే సంబంధం మాట రుచించడం లేదు. వాళ్ళకు నా గురించి మరీ గొప్పగా చెప్పకండి.

మీ శ్రీధర

తా.క. ఇది ఎడమచేత్తో రాశాను. దస్తూరి ఎప్పటిలాగే వచ్చినందుకు మన్నించండి. సున్నుండలతో తూకంలో నాలుగు తరగతులు దాటాను, చొక్కా గుండీలు పట్టడం లేదు.

చింతామణి
3 మార్చి

చిరంజీవి శ్రీధరకు మామ ఆశీస్సులు, చీవాట్లు.

చెయ్యి బెణికిందని రాశాక పరామర్శకు రాకపోతే మర్యాదా? శనివారం గంగాధరప్పనూ పంకజనూ వెంటబెట్టుకుని వచ్చాను. నీ గదికి తాళం. పక్కింటావిడ బాక్సింగు దగ్గర వెతకమంది. చూసేవాళ్ళ మూడో బెంచీ ఎక్కి, రెండు చేతులా చప్పట్లు కొడుతూ "వెయ్యిరా, వెయ్యి!" అని అరుస్తున్నావు. బరిలో ఉన్నవాడికి దెబ్బ తగిలితే నువ్వు కళ్ళు మూసుకుంటున్నావు! నాకు భూమిలోకి పోదామనిపించింది. నిన్ను పిలవకుండానే వెనక్కి తిరిగాం. బస్సెక్కాక నేనే సిగ్గు విడిచి, "నన్ను మన్నించమ్మా పంకజా" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల తండ్రితో, "కొట్టేది నేర్చిన చెయ్యి ఇంటికొచ్చి ఊరికే ఉంటాదా అని ఇన్నాళ్ళూ వద్దంటి నాయనా. ఈయప్ప కొట్టేది చూసేదానికే భయపడతాండాడు. ఈయన్నే చేసుకుంటా" అంది.

పెళ్ళి కుదిరింది, వెధవా.

మీ మామ

తా.క. పంకజకు ఆ రోజు చూసిన బాంటం వెయిట్ ఆట, నీ ఫ్లై వెయిట్‌కు ఒక మెట్టు పైదట, బాగా నచ్చిందట. ముహూర్తం శనివారం మాత్రం పెట్టొద్దంటోంది.