పళ్లెంలో పెట్టిన కార్డు

నంద్యాల,
12 జూన్ 2003.

మా ముబశ్శిరాకు,

నువ్వు కుట్టి పంపిన రవిక ఇంకా వేసి చూడలేదు. దానికి తర్వాత తిడుదువులే. ముందు ఒక పని చేసిపెట్టు.

మొన్న మీ ఆళ్లగడ్డలో, పెద్దమనిషి సంజీవయ్య ఇంట్లో నా తెగదెంపుల పంచాయితీ అయింది. అమెరికా కోర్టులో చంద్రతో విడాకులై ఆరు నెలలైనా, పెద్దమనుషుల ముందర ఎవరి సొమ్ము వాళ్లకు చేరందే మా నాయనకు తెగినట్టు కాదు. పళ్లెంలో తాళిబొట్టు పెట్టినాడు, చంద్రవాళ్లు పెట్టిన గాజులు, నాలుగు పట్టుచీరలు. ఆఖరున, దాచిపెట్టమని నేనే ఆయన చేతికిచ్చిన గ్రీన్ కార్డు తీసి చీరల మీద పెట్టి, చంద్రవాళ్ల దిక్కు తిరిగినాడు.

"ఇదీ మీవాడు ఇప్పిచ్చిందే గదప్పా. మీ ఇంటి గుండుసూది గూడా మాకొద్దు."

"మనిషంటే నువ్వు నరసింహులూ" అన్నాడు సంజీవయ్య. నాయన తలెత్తుకొని కూర్చున్నాడు. నేను సాప అల్లిక చూస్తా ఉండిపోయినా.

నీకెప్పుడూ చెప్పలేదు. నన్ను అక్కడికి పిలిపించుకునేటప్పుడు చంద్ర ఆ సర్కారుకు ఒక కాగితం రాసిచ్చినాడు, ఈమె తిండికీ బట్టకీ పూచీ నాదని. విడాకులైనా ఆ పూచీ పోదంట, నేను అక్కడి పౌరురాలినయ్యేదాకానో, పదేండ్లు పనిచేసేదాకానో. కార్డు వదులుకొని వచ్చేస్తే మాత్రం అంతటితో సరి. అక్కడి లాయరమ్మ చెప్పింది. ఆ పూచీ కింద వచ్చే డబ్బుతోనే నర్సు చదువు పూర్తి చేద్దామనుకున్నా. ఆగస్టులో క్లాసులు. ఆ కార్డు లేందే విమానం గూడా ఎక్కనీరు.

సంజీవయ్య దగ్గరికి పోయి కార్డు అడుగు. నాయనకు తెలియకూడదు.

నీ భూదేవి.


నంద్యాల,
29 జూన్.

ముబశ్శిరా,

నాకోసం ఎండలో రెండుసార్లు తిరిగినావు. సంజీవయ్య అన్నమాట ఉన్నదున్నట్టు రాసినావు: "ఆ పిల్లే సంతకం పెట్టిందమ్మా. కార్డు మద్రాసులో అమెరికావాళ్ల ఆఫీసుకు పోయింది. ఏం సంతకమో ఆమెనే అడుగు." నువ్వు అడగలేదు. నేనే చెప్తా.

ఆరోజు తెగదెంపుల కాగితం కింద, చంద్ర పంపిన ఇంగ్లీషు ఫారం ఒకటి పెట్టినారు. ఆ సాపల మీద కూర్చున్నోళ్లలో దాన్ని చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నా ఇష్టంతోనే కార్డు వదులుకుంటున్నానని ఉంది. రెండుసార్లు చదివినా. వద్దని ఒక్కమాట అనాలి, అంతే. గుండుసూది గూడా వద్దని నాయన అప్పుడే అన్నాడు. ఆయన పక్కన కూర్చొని, నాకు వాళ్ల కూడు కావాలని ఎట్లా అనేది? పెన్ను రాయడం లేదని కాసేపు ఆపినా. సంజీవయ్య తన జేబులోది తీసిచ్చినాడు.

ఇదంతా తెలిసే నిన్ను పంపినా. ఎవరో ఒకరు బద్ధకించి కార్డు ఇంకా ఆడనే ఉంటుందని ఆశ. వాళ్లు బద్ధకించలేదు. నన్ను క్షమించమని అడగను, తిట్టు.

నిన్న నాయన మహానందికి పోయి అర్చన చేయించుకొచ్చినాడు. కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి, "పీడ పోయింది. ఇంక ఎవురికీ తల వంచే పనిలేదు. ఆ నర్సు చదువు అయిపోగొట్టుకోని రాపో. ఎప్పుడు పోతాండావ్?" అన్నాడు.

"ఆగస్టులో నాయనా" అన్నా.

ఇప్పుడు, నేనిది రాస్తాంటే, అటక మీంచి నా పెట్టె దించి తడిగుడ్డతో తుడుస్తాండాడు.

భూదేవి.