కచ్‌కడా దువ్వెన

ఫలక్‌నుమా,
ఫిబ్రవరి 1978

చిరంజీవి తమ్ముడు పోలయ్యకు అక్క దీవెనలు. ఇక్కడ మీ బావ, పిల్లది, నేను కులాసా. అమ్మకు దగ్గు తగ్గిందని రాశావు, కాస్త కుదుటపడ్డాను.

పిల్ల చదువు గురించి అడిగావు. బాగానే చదువుతోంది గానీ ఇంట్లో కూడా "గట్లనా? ఏంది?" అంటోంది. అమ్మ వింటే ఈ పిల్ల మనదేనా అంటుంది. నువ్వు పంపిన ఎండుచేపల వాసనకి వీధంతా ముక్కు మూసుకుంది. పక్కింటి కాశమ్మ మాత్రం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

మరబోట్ల వలల్లో ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయని నీ ఉత్తరంలో చదివి మనసు పాడైంది. మన చిన్నప్పుడు వలలో తాబేలు పడితే నాన్న దాని వీపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి వదిలేసేవాడు. వల చిరిగినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. "ఎలాగూ చస్తున్నాయి, మనం పట్టుకుంటే తప్పేంటి" అని రాశావు. తప్పు నీది కాదురా. ఆ సంగతి రాయడానికే చెయ్యి రావడం లేదు.

మొన్న దసరాకి పిల్లకు దువ్వెన కొందామని కాశమ్మతో చార్మినార్ వెళ్ళాను. "కచ్‌కడాది తీస్కో అక్కా, మస్తు గట్టిగుంటది" అంది. కచ్‌కడా అంటే ఏమిటన్నాను. "తాబేలు చిప్పంటరు" అంది. చూస్తే ప్రతి బండి మీదా కచ్‌కడా దువ్వెనలు, కచ్‌కడా గాజులు, కుప్పలు కుప్పలు. మరబోట్లు వచ్చాక నీ వల ఖాళీగా వస్తోందని దిగులుపడుతున్న రోజులవి. సంబరం ఆపుకోలేక, ఇక్కడ చిప్పలకి మంచి గిరాకీ ఉంది, ఎండబెట్టి ఉంచమని నీకు రాసేశాను. నువ్వు అక్క మాట విన్నావు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన వాటిని కూడా వదల్లేదు.

ఎండుచేపల మూటలో నువ్వు పెట్టిన చిప్ప పట్టుకుని నిన్న చార్మినార్ దగ్గర దువ్వెనల దుకాణానికి వెళ్ళాను. దుకాణం ముసలాయన దాన్ని వేలితో తట్టి నవ్వాడు.

"అరే బేటీ, కచ్‌కడా అంటే ఇప్పుడు ప్లాస్టికే. మా తాత జమానాల తాబేలు చిప్పతోని చేసెటోళ్ళు. గా తాబేళ్ళే వేరు. గవి ఖతమైనయి, పేరు మిగిలింది. గిది దువ్వెనకు పనికిరాదమ్మా."

ఒక్క మాట సరిగ్గా తెలుసుకోక ఎంత పని చేయించాను నీ చేత! ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. బావకి కూడా చెప్పుకోలేకపోయాను.

కొనేవాడు లేడు తమ్ముడూ. ఇంకెవడైనా కొంటానన్నా అమ్మొద్దు. ఏటేటా వచ్చేవే తగ్గిపోతున్నాయని నువ్వే రాశావు. ఇది అవి గుడ్లు పెట్టే కాలం. కోపమొస్తే నన్ను తిట్టు, వాటి జోలికి మాత్రం వెళ్ళకు.

నీ ఉత్తరంలో చివరి మాటకి జవాబు రాయాలి. పెరట్లో ఆరేసిన చిప్పలు చూసి అమ్మ రోజూ అడుగుతోందన్నావు, "పట్నపోళ్ళు ఈటితో ఏటి సేత్తార్రా?" అని.

ఏమీ చెయ్యరని చెప్పు. అక్కే రాసిందని చెప్పు.

ఇట్లు,
నీ అక్క
నాగమణమ్మ