లిల్లీ తెలుపు

కీలుంగ్,
2019 అక్టోబరు 14.

పూజ్యులైన బీషియా వదినగారికి,

చెంగ్‌యువాన్ నమస్కారాలు. మీరు, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అన్నయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ పదకొండు రోజులుగా వాన. నేను బాగానే ఉన్నాను.

ఫోను చేస్తే మీరు తీయడం లేదు. అంత్యక్రియల నాడు నేను చెప్పిన మాట తర్వాత మీరు తీస్తారని నేనూ అనుకోలేదు. అందుకే ఉత్తరం.

మీ చెల్లెలు బీయున్ సంవత్సరీకం నవంబరు 17, ఆదివారం. పూజారి ఉదయం తొమ్మిదికి వస్తానన్నాడు. ఆ రోజు ఆమె పేరు మా పెద్దల పేర్లున్న పలకలో చేరుతుంది. పుట్టింటి తరఫున ఎవరూ లేకుండా అది జరగకూడదు. ఉన్నది మీరొక్కరే. రావాలని కోరుతున్నాను.

ఇంకొక చిన్న సహాయం కావాలి.

మూడేళ్ళ క్రితం బీయున్ మా పడకగదికి తన చేత్తోనే లిల్లీ తెలుపు వేసింది. మిగిలిన సగం డబ్బాను గుడ్డలో చుట్టి రైల్లో హువాలియెన్ తెచ్చి, మీ వంటింటికి వేసింది. టికెట్టు కలెక్టరు అడిగితే ఊరగాయ జాడీ అని చెప్పిందట. ఆ సంగతి మీరే నాకు నవ్వుతూ చెప్పారు. ఆ డబ్బా అడుగున ఏమైనా మిగిలి ఉంటే పంపగలరా? ఆ కంపెనీ మూతపడింది. రంగు లేకపోతే మీ వంటింటి గోడ నుంచి నాణెమంత పెచ్చు చాలు.

కారణం ఇది. మంచం పక్క గోడ మీద తేమ మరక పడితే, పోయినేడు దాని మీద వేరే కంపెనీ లిల్లీ తెలుపు వేశాను. పేరు ఒకటే కదా అనుకున్నాను. రంగు ఒకటి కాదు. పొద్దున తెలియదు. మధ్యాహ్నం నాలుగింటికి, వాన తెరిపిచ్చి రేవు వైపు నుంచి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, ఆ ముక్క గోడలోంచి ముందుకు వస్తుంది. దిండుకు జానెడు ఎత్తున. దిండంత వెడల్పున. మధ్య శరత్కాల పండుగ తర్వాత అందులో నీలిఛాయ కూడా కనిపిస్తోంది.

బీరువా దానికి అడ్డంగా జరిపి చూశాను. వెనక ఏముందో తెలిసినప్పుడు బీరువా అడ్డం కాదు. మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. ఇప్పుడు ముందుగదిలో కుర్చీలో పడుకుంటున్నాను.

బంధువులు వచ్చే రోజుకి గోడ ఒకే రంగులో ఉండాలి. అంతే.

ఇట్లు,
మీ మరిది
లియెన్ చెంగ్‌యువాన్


కీలుంగ్,
2019 నవంబరు 3.

బీషియా వదినగారికి నమస్కారాలు.

మీ కవరు అందింది. టీ పొట్లంలో పెట్టిన పెచ్చు చెక్కుచెదరలేదు. ఎండు ముల్లంగి కూడా పంపారు. నేను అడగలేదు. గుడ్డు కొట్టి వేయించుకున్నాను. బీయున్ వేయించినట్టు రాలేదు.

మీరు రాసిన ఒకే ఒక్క వాక్యం చాలాసార్లు చదివాను. ‘చివరి రోజుల్లో నా మొహం చూడనన్న మనిషి గోడకి ఇప్పుడు నా వంటిల్లు కావలసొచ్చిందా మరిదిగారూ?’

దానికి చివర జవాబు రాస్తాను. ముందు రంగు సంగతి.

కాలువ పక్కన ఆకిమ్ రంగుల కొట్టు మీకు గుర్తుండే ఉంటుంది. బీయున్ అక్కడే బేరమాడేది. మీ పెచ్చు పట్టుకెళ్ళి, దీనికి సరిపోయే లిల్లీ తెలుపు కావాలన్నాను.

“ఏ కంపెనీ లిల్లీ తెలుపు మాస్టారూ?” అంది ఆకిమ్.

“లిల్లీ తెలుపంటే లిల్లీ తెలుపే కదా” అన్నాను.

ఆమె కొట్టంతా దద్దరిల్లేలా నవ్వింది. “ఈ వీధిలో నిలబడి ‘షూఫెన్!’ అని పిలవండి. పదిమంది తలుపు తీస్తారు. పేరు కలిసిందని ఎవరో ఒకర్ని మీ ఆవిడనుకుని ఇంటికి తీసుకుపోతారా?”

అన్నాక నాలుక కరుచుకుంది. ఒక కమలాపండు తెచ్చి నా చేతిలో పెట్టింది.

తర్వాత నాలుగు కంపెనీల లిల్లీ తెలుపులు ఒకే అట్టముక్క మీద పక్కపక్కన పూసి చూపించింది. ఒకటి గంజిలా ఉంది. ఒకటి వెల్లుల్లి పొట్టులా. ఒకటి ఆసుపత్రిలా. నాలుగోది నేను పోయినేడు కొన్నది. దానికి పోలిక వెతకలేదు.

మీ పెచ్చును యంత్రం కింద పెట్టి, అది చెప్పిన లెక్కన రంగు కలిపింది. అట్టకి పూసి ఇంటికి తెచ్చి గోడ మీద ఆనించాను. పొద్దున కలిసింది. నాలుగింటికి విడిపోయింది. మర్నాడు చుక్క పసుపు ఎక్కువ వేసింది. అదీ అంతే.

“ఈ పెచ్చు ఎక్కడ తీశారో కనుక్కోండి” అంది.

పొట్లం మీద మీరు ‘అల్మారా వెనకది’ అని గుర్తు పెట్టారుగా, అదే చెప్పాను.

“అయితే దానికి వెలుతురు తగల్లేదు, పొగ తగల్లేదు. డబ్బా ఒకటే, వేసిన చెయ్యి ఒకటే. కానీ మాస్టారూ, ఆ గోడ మీ వదినగారింట్లో బతికింది, మీ గోడ మీ ఇంట్లో బతికింది. నన్నేం చెయ్యమంటారు? మీ గోడ పెచ్చే పట్రండి.”

మంచం కాలి వెనక నుంచి ఒక పెచ్చు తీశాను. అంతకు ముందు ఎందుకు తీయలేదని ఆమె అడగలేదు. ఆ గోడకి చాకు తగిలించడం ఇష్టం లేకపోయింది. మూడోసారి కలిపిన రంగు నిన్న నాలుగింటికి కూడా గోడలో కలిసిపోయింది. అట్ట అంచు ఎక్కడో చేత్తో తడిమి చూడవలసి వచ్చింది.

రేపు పూస్తాను. పదిహేడుకి గోడ సిద్ధంగా ఉంటుంది.

ఇక మీ వాక్యానికి జవాబు. ఆ స్థితిలో తనను మీరు చూడకూడదన్నది బీయున్ కోరిక. నేను దాన్ని మన్నించాను. దీని మీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

అన్నయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
చెంగ్‌యువాన్

తా.క. పైదంతా నిన్న రాశాను. కవరు అంటించలేదు.

ఇవాళ ఆకిమ్ తనే వచ్చింది. మెట్లని తిట్టుకుంటూ నాలుగు అంతస్తులు ఎక్కింది. “మూడుసార్లు కలిపించుకున్న గోడ, దాని మొహమెలా ఉంటుందో చూసి పోదామని” అంది. చూసింది. బొటనవేలితో రుద్దింది.

“మాస్టారూ, తేమైతే పసుపుపచ్చగా దిగుతుంది. ఇది నీలం. ఇది సిరా. కింద ఎవరో ఏదో రాశారు. దాని మీద నేరుగా తెలుపు వేస్తే పది పూతలేసినా పైకి ఎక్కుతూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి రసాయన శాస్త్రం చెప్పారు, ఈ మాత్రం తెలీదూ?”

తెలియదన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. సిరాని అణిచే మందు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. “ముందు ఇది ఒక పూత. ఆరాక నా రంగు. ఇక దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు” అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “వద్దనుకుంటే, వేడినీళ్ళ గుడ్డ పావుగంట అద్దిపెట్టండి. మీరు వేసిన పూత మెత్తబడి లేచొస్తుంది. లోపలిది పోదు.”

ఆమె వెళ్ళాక నాలుగయింది.

వదినా, అది తేమ కాదు.

గొంతు ఆపరేషను తర్వాత బీయున్‌కి మాట లేదని మీకు తెలుసు. చిన్న తెల్లబోర్డు మీద రాసేది. చివరి వారంలో రోజూ పొద్దున్నే ఒకే మాట రాసింది. ‘అక్కని పిలవండి.’ నేను చదివి, సరేనని తలూపి, గుడ్డతో తుడిచేవాణ్ణి. మందుల వేళలు రాయడానికి బోర్డు కావాలని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అయిదు రోజులు అలా తుడిచాను. మిమ్మల్ని పిలిస్తే ఇక అంతేనని నేను ఒప్పుకున్నట్టవుతుంది. నాకు ఆమెతో ఇంకో నెల కావాలనిపించింది.

ఆరో రోజు గంజి తీసుకుని వచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. మందుల డబ్బాల మీద పేర్లు రాసే నీలం పెన్ను చేతిలో ఉంది. తుడిస్తే పోని పెన్ను. గోడ మీద అదే మాట, పెద్దగా. నన్ను చూసి కోప్పడలేదు. మూత పెట్టమని పెన్ను నా చేతికిచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ నేను ఫోను ఎత్తలేదు.

మీ రైలు వచ్చేలోపల దాని మీద రంగు పూశాను. దొరికిన డబ్బా కొన్నాను. మీరు వచ్చేసరికి పూత ఆరలేదు. మీరు ఆ మంచం మీద కూర్చుని గోడకి ఆనుకున్నారు. నన్నెందుకు పిలవలేదని అడిగారు. తను వద్దందని చెప్పాను. మీ నల్లకోటు భుజానికి తెల్లగా అంటింది. సున్నమని చెప్పి నేనే దులిపాను.

ఆకిమ్ ఇచ్చిన డబ్బా తెరవలేదు. వేడినీళ్ళ గుడ్డ పెట్టి కొంచెం కొంచెంగా తీస్తున్నాను. అక్షరాలు వణికాయి, అయినా ఆమె చేతిరాతే. ఇప్పటికి ‘అక్కని’ వరకు కనిపిస్తోంది. రెండో మాట మీద చెయ్యి వేయలేదు. అది మీరు వచ్చి తీయాలి.

నేను పిలిస్తే మీరు రానక్కర్లేదు. కాని ఆమె పిలిచి ఏడాది కావస్తోంది.