ఇప్పచెట్టులో దిగిన చువ్వ

10 సెప్టెంబరు 1974. ముసురు పట్టింది. సైకిల్ గొలుసుకు నూనె వేశాను. బావకు పంపాల్సిన ఉత్తరం ముందు ఈ డైరీలోనే చిత్తు రాస్తున్నాను.

బావకు,

ఊళ్లో మీ కాలికి కట్టు విప్పారని తెలిసి సంతోషించాను. మీరు తిరిగొచ్చేదాకా దల్మా కొండ కింది మీ మొక్కజొన్న చేను కాస్తానన్నాను. ఈ ఏడు మీకున్న ఆధారం అదొక్కటేనని నాకు తెలుసు.

నిన్న సాయంత్రం అడవిపందులు దిగాయి. మీ నాటు తుపాకీ గురించి మీరు చెప్పిన వరస నా డైరీలో ఉంది. మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి, ఇనుప చువ్వతో దట్టించి, మందు అంటించే కేపు పెట్టి కాల్చాలి. అక్షరం తప్పకుండా చేశాను. చువ్వను గొట్టంలోంచి తీయాలని మీరు చెప్పలేదు, నేను రాసుకోలేదు. అది ఈటెలా వెళ్లి గట్టు మీది ఇప్పచెట్టులో జానెడు దిగింది. పెద్దపంది చెట్టునోసారి, నన్నోసారి చూసి మళ్లీ కంకి అందుకుంది.

చెల్లి నూకాలమ్మ డబ్బా వాయిస్తూ పరిగెత్తుకొచ్చి వాటిని తరిమింది.

"పందిని కొట్టమంటే సెట్టుని కొట్టినావేటి అన్నియ్యా? ఆయనొత్తే ఏటి సెప్తావు?"

ఏం చెప్పాలో తెలియకే ఈ ఉత్తరం.

రెండు సాళ్లు పోయాయి. మిగతాదానికి భయం లేదు. చువ్వకు బదులు వెదురుకర్ర చెక్కుకుని చెల్లే తుపాకీ దట్టిస్తోంది. ఈ పొద్దున ఒక్క మోతకే గుంపంతా కొండెక్కింది. వచ్చేటప్పుడు కమ్మరిచేత కొత్త చువ్వ చేయించి తెండి.

నాకూ ఒక పని అప్పగించింది. తను కాల్చేముందు దూరంగా నిలబడి, కర్ర బయటికి తీసిందో లేదో చూసి చెప్పాలి. అదిగో పిలుస్తోంది, వెళ్లి—