పేరు వాళ్ళతోనే చెప్పించాలి

షార్జా

అక్కా,
నా నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగం పోయిందని ఊళ్ళో అనుకుంటున్నారట. పోలేదు, బాగున్నాను. జరిగింది ఇదీ. మొన్న ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలని ఒకాయనను "అబ్దుల్ కరీమేనా?" అని హిందీలో అడిగాను. తలూపాడు. చేతికి కట్టిన పేరు పట్టీ చూడకుండానే చక్రాల కుర్చీలో తోసుకెళ్ళాను. దారిలో "అవ్వా" అని మూలిగేసరికి మనవాడని తెలిసింది.

"నీ పేరేంది కాకా?"

"పర్శరాములు, బిడ్డా."

"మరి తలెందుకు ఊపినవ్?"

"ఈడ ఎవలేమడిగినా హా అనుడే అలవాటైంది."

వెంటనే ఆయన్ని వెనక్కి తెచ్చి నర్సుకు చెప్పాను. ఆమె తిట్టలేదు. పేరు మనం అనకూడదని, వాళ్ళతోనే చెప్పించి పట్టీతో సరిచూడాలని నేర్పింది.

పసుపు ఉడకబెట్టడం అయ్యిందా? బావకు నమస్కారాలు. నాన్న కంటి ఆపరేషన్‌కి నువ్వే వెంట వెళ్ళు. వినపడకపోయినా ఆయన సరేనంటాడు. ఏ కన్నో ఆయన నోటితోనే చెప్పించు.

నీ చెల్లెలు
కరుణ